యూఎఫ్‌సీ పే-పర్-వ్యూ కొనుగోళ్లను ముందుగా అంచనా వేయడం ఎలా: సమగ్ర మార్గదర్శి

యూఎఫ్‌సీ అంటే మిశ్రమ యుద్ధకళల (ఎంఎంఏ) పోటీలు నడిపే సంస్థ. పే-పర్-వ్యూ అంటే ఒక్కో పోటీకి విడిగా డబ్బు కట్టి ఇంట్లో చూసే పద్ధతి, అమెరికాలో యూఎఫ్‌సీకి ఇది 2025 వరకు సాగింది. 2018 మే నెలలో రియో డి జనీరోలో జరిగిన యూఎఫ్‌సీ 224ను సుమారు 85 వేల ఇళ్లు డబ్బు కట్టి చూశాయని అంచనా. అదే ఏడాది అక్టోబరు 6న లాస్ వేగాస్‌లో జరిగిన యూఎఫ్‌సీ 229ను 24 లక్షల ఇళ్లు కొన్నాయని సంస్థ అధిపతి డేనా వైట్ ప్రకటించారు. సంస్థ ఒకటే, ఎనిమిది పలకల బోను ఒకటే, రెండు పోటీలకూ మధ్య దూరం ఐదు నెలలు కూడా లేదు. అయినా కొనుగోళ్లలో తేడా 28 రెట్లు. ఇంత తేడాను ముందుగానే పట్టుకోవడం సాధ్యమేనా అని చాలామంది అడుగుతారు. కచ్చితమైన సంఖ్యను పట్టుకోవడం సాధ్యం కాదు గానీ, ఒక పోటీ లక్షల్లో ఉంటుందా, పది లక్షలు దాటుతుందా అన్నది మాత్రం క్రమపద్ధతిలో ఆలోచిస్తే చాలావరకు ముందే చెప్పవచ్చు. ఆ పద్ధతిని ఒక్కొక్క అడుగుగా ఇక్కడ వివరిస్తున్నాను.

పద్ధతికి మూలమైన విషయాన్ని ముందే చెబుతాను. పే-పర్-వ్యూ కొనేవారు ఒకే గుంపు కాదు. దాదాపు ప్రతి నెలా కొనే గట్టి అభిమానులు ఒక గుంపు. ఏడాదికి ఒకటి రెండుసార్లు, ఊరంతా మాట్లాడుకుంటున్న పోరు ఉంటే తప్ప జేబులో చెయ్యి పెట్టనివారు రెండో గుంపు. మొదటి గుంపు పరిమాణం నెమ్మదిగా మారుతుంది, రెండో గుంపు ఒక నెలలో పూర్తిగా మాయమై మరుసటి నెలలో వరదలా వస్తుంది. అంచనా తప్పినవారిలో ఎక్కువమంది ఈ రెంటినీ కలిపి లెక్కగట్టినవారే.

మొదటి అడుగు: ఏ సంఖ్యను అంచనా వేస్తున్నారో తేల్చుకోవడం

ఒక కొనుగోలు అంటే ఒక ప్రేక్షకుడు కాదు, ఒక ఇల్లు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు మిత్రులు పదిమంది ఒకరింట్లో చేరి, ఖర్చు పంచుకుని చూస్తే అది లెక్కలో ఒక్కటే అవుతుంది. బార్లు, రెస్టారెంట్లు పోటీని ప్రదర్శించడానికి వేరే రుసుము కడతాయి, వాటిని ఇళ్ల కొనుగోళ్లలో కలపకూడదు.

తరువాత ఏ దేశపు లెక్క అన్నది చూడాలి. బయట వినిపించే పాత సంఖ్యల్లో అధిక భాగం ఉత్తర అమెరికా కొనుగోళ్లను దృష్టిలో పెట్టుకుని వేసిన అంచనాలు, కొన్ని ప్రకటనలు మాత్రం ప్రపంచమంతటినీ కలిపి చెప్పినవి. మన దేశంలో ఈ పోటీలు సోనీ క్రీడా ఛానెళ్లలో, సోనీ లివ్‌లో మామూలు చందాతోనే వచ్చాయి, ఒక్కో పోటీకి విడిగా కొనే ఏర్పాటు లేదు. కాబట్టి ఆదివారం ఉదయం ఏడున్నరకు హైదరాబాదులో ఎన్ని లక్షలమంది కళ్లు టీవీకి అతుక్కుపోయినా పే-పర్-వ్యూ లెక్క ఒక్కటి కూడా పెరగదు. ఈ చిన్న విషయం తరువాత చెప్పబోయే ఇంటర్నెట్ సూచికల దగ్గర చాలా ముఖ్యమవుతుంది.

మూడోది, సంఖ్య ఎవరి నోట వచ్చింది అన్నది. యూఎఫ్‌సీ ప్రతి పోటీకీ కొనుగోళ్లను ప్రకటించే అలవాటు ఎన్నడూ పెట్టుకోలేదు. 2019కి ముందు కేబుల్, శాటిలైట్ సంస్థల వైపు నుంచి తెలిసిన సమాచారంతో విలేకరులు, ముఖ్యంగా రెజ్లింగ్, ఎంఎంఏ వ్యాపారాన్ని దశాబ్దాలుగా రాస్తున్న డేవ్ మెల్ట్‌జర్, వేసిన అంచనాలే మనకున్న ప్రధాన ఆధారం. వాటిని అంచనాలుగానే చూడాలి. 3.5 లక్షలు అని రాసి ఉంటే మూడుకూ నాలుగుకూ మధ్య ఎక్కడో ఒకచోట ఉందని అర్థం చేసుకోవాలి. సంస్థ స్వయంగా ప్రకటించిన సంఖ్యలు దాదాపు ఎప్పుడూ గొప్పగా అమ్ముడైన పోటీలవే అన్నది కూడా మరవకూడదు. చప్పగా పోయినవాటి గురించి ఎవరూ విలేకరుల సమావేశంలో మాట్లాడరు.

రెండో అడుగు: పట్టిక తయారు చేసుకోవడం, కాలాలను విడదీయడం

ఒక నోటుపుస్తకం గానీ ఎక్సెల్ షీటు గానీ తీసుకుని ఒక్కో పోటీకి ఒక్కో వరుస పెట్టండి. తేదీ, వేదిక, మెయిన్ ఈవెంట్‌లోని (ఆ రాత్రి ప్రధాన పోరులోని) ఇద్దరు, రెండో ముఖ్యమైన పోరు, టైటిల్ ఉందా లేదా, ధర, చివరి నిమిషపు మార్పులు, కొనుగోళ్ల అంచనా, ఆ అంచనా ఎవరిది అన్న గడులు చాలు. చివరి గడి తప్పనిసరి. ఎందుకంటే రెండు వేర్వేరు వ్యక్తుల లెక్కలను పక్కపక్కన పెట్టి పోల్చడం వల్ల లేని పెరుగుదల కనిపిస్తుంది.

కాలాలను కలపకండి. 1993 నవంబరులో డెన్వర్‌లో జరిగిన మొదటి పోటీని సుమారు 86 వేల ఇళ్లు కొన్నాయి. 1990ల చివర్లో సెనేటర్ జాన్ మెక్‌కెయిన్ తదితరుల వ్యతిరేకత వల్ల పెద్ద కేబుల్ సంస్థలు ఈ పోటీలను చూపడం మానేసినప్పుడు కొనాలనుకున్నవారికి కూడా కొనే దారి లేకపోయింది. 2002 నవంబరులో టిటో ఓర్టిజ్, కెన్ షామ్‌రాక్ తలపడిన యూఎఫ్‌సీ 40కి సుమారు లక్షన్నర రావడమే ఆనాడు పెద్ద విజయం. 2005లో స్పైక్ టీవీలో రియాలిటీ కార్యక్రమం మొదలయ్యాక సంగతి మారింది. 2006 డిసెంబరులో చక్ లిడెల్, ఓర్టిజ్ రెండోసారి తలపడిన యూఎఫ్‌సీ 66 మొదటిసారి పది లక్షలు దాటి, సుమారు 10.5 లక్షలకు చేరింది. 2019 ఏప్రిల్‌లో యూఎఫ్‌సీ 236 నుంచి అమెరికాలో ఈఎస్‌పీఎన్ ప్లస్ చందాదారులు మాత్రమే కొనగలిగే పద్ధతి వచ్చింది. పోటీకి డబ్బు కట్టడానికి ముందు చందా కట్టాల్సి వచ్చేది, పైగా కేబుల్ సంస్థల నుంచి బయటకు తెలిసే సమాచారం ఎండిపోయింది. అందువల్ల సాధన చేయడానికి అన్నిటికన్నా మంచి కాలం 2006 నుంచి 2018 వరకు. ఆ తరువాతి సంఖ్యలను విడి షీటులో పెట్టుకోండి.

మూడో అడుగు: అడుగుమట్టం కనుక్కోవడం

పెద్ద పేరు ఎవరూ లేని రాత్రి ఎన్ని ఇళ్లు కొంటాయో అదే అడుగుమట్టం. దీన్ని సగటుతో లెక్కించకూడదు. 2018 నుంచి ఆరు పోటీలను తీసుకుని చూద్దాం. యూఎఫ్‌సీ 223కి 3.5 లక్షలు, 224కి 85 వేలు, 226కి 3.8 లక్షలు, 228కి 1.3 లక్షలు, 229కి 24 లక్షలు, 232కి 7 లక్షలు అని అంచనాలు. వీటి సగటు 6.7 లక్షలకు పైగా వస్తుంది. కానీ ఆరింటిలో నాలుగు ఆ సగటుకు చాలా కింద ఉన్నాయి, ఒక్క 232 తప్ప ఏదీ ఆ సగటు దరిదాపుల్లో లేదు. ఒక్క 229 మొత్తం లెక్కను తన వైపు లాక్కుపోయింది. అదే వరుసలో పేర్చి మధ్యగతం (సరిగ్గా నడుమ పడే సంఖ్య) తీస్తే 3.65 లక్షలు వస్తుంది. ఏడాది అంతటికీ మామూలు పోటీ ఎలా ఉంటుందో చెప్పడానికి మధ్యగతమే నమ్మదగినది.

అడుగుమట్టం ఎంత లోతుకు పోగలదో తెలియడానికి 2014 జూన్‌లో వాంకూవర్‌లో జరిగిన యూఎఫ్‌సీ 174ను చూడాలి. డెమెట్రియస్ జాన్సన్ ఆనాటికి ప్రపంచంలో అత్యంత నైపుణ్యమున్న యోధుల్లో ఒకడు. ఆయన ఫ్లైవెయిట్ టైటిల్ కోసం అలీ బగౌతినోవ్‌తో తలపడితే కొనుగోళ్లు 1.15 లక్షల దగ్గర ఆగిపోయాయి. జాన్సన్ ఆటను ప్రేమించే నాలాంటివారికి ఆ సంఖ్య చూస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అయినా అంచనా వేసేవాడు నేర్చుకోవాల్సిన పాఠం ఆ బాధలోనే ఉంది. నైపుణ్యం గట్టి అభిమానిని నిలబెడుతుంది, కొత్తవాడిని దుకాణంలోకి తీసుకురాదు. టైటిల్ పోరు అన్న ముద్ర కూడా అంతే. ఒక్క టైటిల్ ఉందని అడుగుమట్టానికి లక్షలు కలిపేయకండి.

నాలుగో అడుగు: పేరుకు ఉన్న బలాన్ని, జోడీకి ఉన్న బలాన్ని విడివిడిగా తూచడం

ఈ అడుగులోనే ఎక్కువ కాలం గడపండి, ఎందుకంటే అసలు సరుకంతా ఇక్కడే ఉంది.

మొదట ఒక్కో యోధుడు గతంలో మెయిన్ ఈవెంట్‌లో ఉన్నప్పుడు వచ్చిన సంఖ్యలను కాలక్రమంలో రాయండి. రోండా రౌజీ వరుస చూడండి. 2013 ఫిబ్రవరిలో యూఎఫ్‌సీ 157కి సుమారు 4.5 లక్షలు, 2014లో 170కి 3.4 లక్షలు, 2015 ఫిబ్రవరిలో 184కి 6 లక్షలు, ఆగస్టులో 190కి 9 లక్షలు, నవంబరులో మెల్‌బోర్న్‌లో హోలీ హోమ్ చేతిలో ఓడిన 193కి 11 లక్షలు. ఇలాంటి వరుసలో సగటు తీస్తే ఏడు లక్షల లోపు వస్తుంది, నిజం మాత్రం మెట్లెక్కుతూ పోతోంది. ఎదుగుతున్న పేరుకు చివరి రెండు సంఖ్యలకే బరువివ్వాలి. పదమూడు నెలలు కనిపించకుండా పోయి 2016 డిసెంబరులో 207కి తిరిగి వచ్చినప్పుడు కూడా ఆమెకు 11 లక్షలే వచ్చాయి. ఓటమి వల్ల, విరామం వల్ల పేరు మాసిపోతుందని అనుకున్నవారి లెక్క తప్పింది. నా అభిప్రాయంలో ఒకే ఒక్క ఓటమి, అది కూడా సంచలనమైన ఓటమి, రెండో గుంపులో ఆసక్తిని చంపదు. తరువాత ఏమవుతుందో చూడాలన్న కుతూహలాన్ని పెంచుతుంది.

ఇక జోడీ బలం. దీన్ని జాన్ జోన్స్ కన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు దొరకలేదు. 2013లో గుస్తఫ్‌సన్‌తో తలపడిన యూఎఫ్‌సీ 165కి సుమారు 3.1 లక్షలు, 2014లో టెషేరాతో 172కి 3.5 లక్షలు, 2016లో సెయింట్ ప్రూతో 197కి 3.2 లక్షలు. అదే జోన్స్, ఒకప్పుడు కలిసి సాధన చేసి విడిపోయిన రషాద్ ఎవాన్స్‌తో 2012లో తలపడితే 7 లక్షలు. విలేకరుల ముందే కలబడి కొట్టుకున్న డానియెల్ కోర్మియర్‌తో 2015 జనవరిలో 8 లక్షలు, 2017 జులైలో 8.6 లక్షలు. గుస్తఫ్‌సన్‌తో జరిగిన పోరు ఆ దశాబ్దపు మేటి పోరాటాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది, కానీ ఆ సంగతి కొనేవాడికి ముందు రోజు తెలియదు కదా. మనిషి మారలేదు, టైటిల్ మారలేదు, వైరం ఉన్న చోట రెండు నుంచి రెండున్నర రెట్లు ఎక్కువ వచ్చింది. కాబట్టి జోన్స్ ఎంత అమ్ముతాడు అన్న ప్రశ్న తప్పు, ఎవరితో కలిసి ఎంత అమ్ముతాడు అన్నదే సరైన ప్రశ్న.

మూడో బలం బయటి నుంచి వచ్చే జనం. బ్రాక్ లెస్నర్ ప్రొఫెషనల్ రెజ్లింగ్ ప్రేక్షకులను వెంట తెచ్చుకున్నాడు. 2008 నవంబరులో రాండీ కోచర్‌తో యూఎఫ్‌సీ 91కి సుమారు 10 లక్షలు, 2009 జులైలో యూఎఫ్‌సీ 100కి 16 లక్షలు, 2010లో షేన్ కార్విన్‌తో 116కి 11.6 లక్షలు. కానర్ మెక్‌గ్రెగర్ ఐర్లండ్‌ను వెంట తెచ్చాడు, 2017 ఆగస్టులో ఫ్లాయిడ్ మేవెదర్‌తో బాక్సింగ్ పోరు చేసి అమెరికాలో 43 లక్షల కొనుగోళ్ల ద్వారా తన పేరును క్రీడ సరిహద్దు దాటించాడు. ఒక యోధుడికి ఇలాంటి బయటి ప్రేక్షకులు ఉన్నారా అని పట్టికలో ప్రత్యేకంగా ఒక గడి పెట్టుకోవాలి. ఆ గడి ఖాళీగా ఉన్నవారితో పది లక్షలు దాటిన సందర్భాలు చాలా అరుదు.

ఐదో అడుగు: పోలికల మీద నిలబడి ఒక సంఖ్యకు రావడం

యూఎఫ్‌సీ 229నే దగ్గరగా పరిశీలిద్దాం. 2018 సెప్టెంబరు చివరి వారంలో కూర్చుని ఉన్నామని, పట్టిక ముందుందని అనుకోండి.

మెక్‌గ్రెగర్ చివరి నాలుగు ఎంఎంఏ పోటీల అంచనాలు ఇవి: 194కి 12 లక్షలు, 196కి 13.2, 202కి 16.5, 205కి 13. మధ్యగతం సుమారు 13 లక్షలు. ఇది మన మొదటి రాయి. ఖబీబ్ నుర్మగొమెదోవ్ వరుసలో మెయిన్ ఈవెంట్‌గా ఉన్నది ఒక్క 223, అక్కడ 3.5 లక్షలు. అంటే అమెరికా కొనుగోళ్లలో ఖబీబ్ సొంతంగా తెచ్చే జనం అప్పటికి పెద్దగా లేరు. కానీ ఓటమి ఎరుగని ఛాంపియన్ అన్న విలువ ఎదుటివాడి పేరుకు తోడైతే పనిచేస్తుంది.

తరువాత వైరం. ఏప్రిల్‌లో బ్రూక్లిన్‌లో ఖబీబ్ కూర్చున్న బస్సు మీద మెక్‌గ్రెగర్ ఇనుప తోపుడు బండి విసిరిన దృశ్యం క్రీడా వార్తలను దాటి సాధారణ వార్తల్లోకి వెళ్లింది. వైరానికి పట్టికలో ఉన్న కొలతలు రెండు. నేట్ డియాజ్‌తో మొదటి పోరు (196) నుంచి రెండో పోరుకు (202) 13.2 నుంచి 16.5, అంటే ఒకటింపావు రెట్లు. జోన్స్ మామూలు పోటీల నుంచి కోర్మియర్ పోటీలకు దాదాపు రెండున్నర రెట్లు. ఈ రెంటినీ 13 లక్షలకు వర్తింపజేస్తే కింది అంచు 16 లక్షలు, పై అంచు 32 లక్షలు దాటుతుంది. రెండు అంచులనూ గుణించి వర్గమూలం తీస్తే సుమారు 23 లక్షలు. మామూలు సగటు కాకుండా వర్గమూలం ఎందుకంటే, ఈ వ్యాపారంలో మార్పులన్నీ కూడికల్లో కాక రెట్లలో జరుగుతాయి.

వచ్చిన సంఖ్య 24 లక్షలు. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. ఫలితం తెలిశాక కట్టిన లెక్క ఎప్పుడూ ఇలా అందంగానే కుదురుతుంది. పోలికకు ఏ పోటీలను ఎంచుకోవాలో నా చేతిలోనే ఉంది, తెలియకుండానే జవాబు వైపు చెయ్యి పోతుంది. పైగా మెక్‌గ్రెగర్ 13 లక్షల్లోనే 194లో ప్రత్యర్థి అయిన జోసె అల్డో మీద, డియాజ్ మీద ఉన్న వైరం కొంత కలిసి ఉంది కనుక రెండున్నర రెట్లు వేయడంలో ఒకే దాన్ని రెండుసార్లు లెక్కించిన దోషం ఉంది. ఆ దోషాన్ని రెండేళ్ల విరామం, మేవెదర్ పోరు తెచ్చిన కొత్త పేరు పూరించాయని నేను అనుకుంటున్నాను. ఇలాంటి వాదనను సంఖ్య పక్కనే రెండు వాక్యాల్లో రాసి పెట్టుకోవడం అలవాటు చేసుకోండి. తరువాత తప్పు ఎక్కడ జరిగిందో వెతకడానికి ఆ రెండు వాక్యాలే దారి చూపిస్తాయి.

ఆరో అడుగు: కూడికలు, తీసివేతలు

తీసివేతల్లో అందరూ మొదట భయపడేది చివరి నిమిషపు మార్పులకు. ఒక యోధుడు గాయపడి తప్పుకున్నాడంటే వెంటనే సగానికి సగం కోసేస్తారు. పట్టిక అలా చెప్పడం లేదు. యూఎఫ్‌సీ 196లో రఫాయెల్ డాస్ అంజోస్ కాలి గాయంతో తప్పుకోగా నేట్ డియాజ్ పదకొండు రోజుల ముందు వచ్చాడు, టైటిల్ కూడా పోయింది, అయినా 13 లక్షలు దాటింది. 2020 జులైలో యూఎఫ్‌సీ 251లో గిల్బర్ట్ బర్న్స్‌కు కోవిడ్ సోకగా ఆరు రోజుల ముందు హోర్హే మస్విడాల్ వచ్చాడు, కొనుగోళ్లు 13 లక్షలని వార్తలు వచ్చాయి. 2018 డిసెంబరులో యూఎఫ్‌సీ 232 మొత్తం వారంలోపే లాస్ వేగాస్ నుంచి కాలిఫోర్నియాకు తరలిపోయింది, జోన్స్ మిగిలాడు కనుక 7 లక్షలు మిగిలాయి. 2016 జులైలో యూఎఫ్‌సీ 200కి మూడు రోజుల ముందు జోన్స్ తప్పుకున్నా లెస్నర్ కార్డులో (ఆ రాత్రి పోరుల జాబితాలో) ఉన్నందున పది లక్షల గీత నిలబడింది. ఎవరు వెళ్లారు అని కాక, రెండో గుంపును తెచ్చే పేరు ఇంకా కార్డులో ఉందా అని అడగండి. ఆ పేరే పోతే కోత చిన్నది సరిపోదు. 2012 సెప్టెంబరులో జరగాల్సిన యూఎఫ్‌సీ 151 మెయిన్ ఈవెంట్ కూలిపోగా పోటీనే రద్దు చేశారు.

సమయం సంగతి కూడా చూడాలి. ప్రధాన కార్డు అమెరికా తూర్పు తీరంలో శనివారం రాత్రి పదింటికి మొదలవడం పే-పర్-వ్యూ కాలంలో ఆనవాయితీగా ఉండేది. మెల్‌బోర్న్‌లో జరిగిన 193ను స్థానికంగా ఆదివారం పొద్దున పెట్టింది ఇందుకే. వేదిక ఎక్కడన్నది కాకుండా అమెరికా గడియారంలో ఎప్పుడన్నది చూడాలి. అబుదాబిలో అక్కడి సాయంత్రానికి అనుకూలంగా జరిగి, అమెరికాలో మధ్యాహ్నమే మొదలయ్యే పోటీలకు కొంత తగ్గించడం న్యాయం.

అదే రాత్రి పెద్ద బాక్సింగ్ పోరు ఉంటే ఎంత తగ్గించాలి అన్నదానికి నా దగ్గర స్థిరమైన రెట్టు లేదు. అయితే 2019 నవంబరు 2న మస్విడాల్, డియాజ్ తలపడిన యూఎఫ్‌సీ 244 ముగిసేవరకు కనెలో, కొవలెవ్ బాక్సింగ్ పోరును ఆపి ఉంచారు. వ్యాపారంలో ఉన్నవారే ప్రేక్షకులు చీలతారని అంత భయపడ్డారంటే మనం కూడా ఆ గడిని ఖాళీగా వదలకూడదు.

ధర విషయంలో తొందరపడవద్దు. ఈఎస్‌పీఎన్ ప్లస్‌లో 2019లో 59.99 డాలర్లున్న ధర మెట్లుమెట్లుగా 2023 నాటికి 79.99కి చేరింది. ఇలాంటి పెంపు మామూలు పోటీల దగ్గర దెబ్బ తీస్తుంది, మహా పోరుల దగ్గర అంతగా తీయదు. మేవెదర్, మెక్‌గ్రెగర్ పోరును దాదాపు వంద డాలర్లు పెట్టి 43 లక్షల ఇళ్లు కొన్నాయి.

ఏడో అడుగు: చివరి వారపు సూచికలు చదవడం

కొనుగోళ్లలో పెద్ద భాగం చివరి రోజున, చివరి గంటల్లో జరుగుతుంది. అందువల్ల ముందస్తు అమ్మకాల గురించి వచ్చే ఉప్పందింపులకు విలువ తక్కువ. గూగుల్ ట్రెండ్స్ మాత్రం సరిగ్గా వాడితే పనికొస్తుంది. మూడు జాగ్రత్తలు పాటించాలి. ప్రాంతాన్ని అమెరికాకు పరిమితం చేయాలి, లేకుంటే డబ్బు కట్టి కొననక్కరలేని మన దేశపు, రష్యా, బ్రెజిల్ వెతుకులాటలన్నీ కలిసి సూచికను ఉబ్బిస్తాయి. ఖబీబ్ లాంటి యోధుల విషయంలో ఈ పొరపాటు చాలా పెద్దదవుతుంది. రెండోది, అక్కడ కనిపించే సున్నా నుంచి వంద వరకు ఉన్న అంకె అసలు వెతుకులాటల సంఖ్య కాదు, పోలిక మాత్రమే. కాబట్టి ఫలితం తెలిసిన ఒక పాత పోటీని అదే పటంలో పెట్టి చూడాలి. మూడోది, పోటీకి ముందు రోజుల్ని ముందు రోజులతోనే పోల్చాలి. ముగిశాక వచ్చే వెతుకులాటల్లో ఫలితం కోసం చూసిన ఉచిత ప్రేక్షకులే ఎక్కువ.

గేటు ఆదాయం (వేదిక దగ్గరి టికెట్ల మీద వచ్చే డబ్బు) విషయంలో ఒకప్పుడు నేనే బోల్తా పడ్డాను. 2016 నవంబరులో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో యూఎఫ్‌సీ 205 గేటు 1.77 కోట్ల డాలర్లని తెలిసినప్పుడు కొనుగోళ్లు ఇరవై లక్షలు దాటతాయని పట్టికలో రాసుకున్నాను. వచ్చింది 13 లక్షలు. న్యూయార్క్ రాష్ట్రం ఎన్నో ఏళ్ల నిషేధం ఎత్తివేశాక అక్కడ జరిగిన మొదటి యూఎఫ్‌సీ పోటీ అది. టికెట్ కొన్నవాడు ఆ చరిత్రకు, ఆ వేదికకు డబ్బు కట్టాడు. ఇంట్లో కూర్చున్నవాడికి ఆ రెండూ పట్టవు. రెండేళ్ల తరువాత యూఎఫ్‌సీ 229 గేటు 1.72 కోట్ల డాలర్లు, అంటే కాస్త తక్కువే, కొనుగోళ్లు మాత్రం దాదాపు రెట్టింపు. యూఎఫ్‌సీ 251 అయితే ప్రేక్షకులే లేని అబుదాబి వేదికలో జరిగింది, గేటు సున్నా. అప్పటి నుంచి గేటు గడిని పట్టికలో ఉంచుతున్నాను గానీ దాని మీద అంచనాను మార్చడం లేదు.

ప్రిలిమ్స్‌కు (ప్రధాన కార్డుకు ముందు జరిగే పోరులకు) వచ్చే టీవీ వీక్షణ సంఖ్యలు పోటీ ముగిశాకే తెలుస్తాయి, అయినా కొనుగోళ్ల అంచనా బయటికి రాకముందే మన లెక్కను సరిచూసుకోవడానికి అవి మంచి ఆధారం.

ఎనిమిదో అడుగు: ఒకే సంఖ్య కాకుండా పరిధి రాయడం, తరువాత దిద్దుకోవడం

ఏ అంచనాకైనా మూడు సంఖ్యలు రాయండి: మధ్య సంఖ్య, కింది అంచు, పై అంచు. ఇలాంటి పది అంచనాలు వేస్తే ఎనిమిదింటిలో ఫలితం ఆ అంచుల మధ్య పడాలి అన్నది లక్ష్యం. మామూలు పోటీకి మధ్య సంఖ్యలో మూడింట రెండు వంతుల నుంచి ఒకటిన్నర రెట్ల వరకు, మహా పోరుకు ఇంకాస్త వెడల్పుగా పరిధి పెట్టుకోవడం నాకు సరిపోయింది. పదికి పది పరిధిలోనే పడుతుంటే మీరు మరీ జాగ్రత్తగా ఉన్నారని అర్థం, అంచులు దగ్గరికి జరపండి.

తప్పును కూడా రెట్లలోనే కొలవండి. పది లక్షలని రాస్తే ఐదు లక్షలు వచ్చినా, ఐదు లక్షలని రాస్తే పది లక్షలు వచ్చినా రెండూ ఒకే పరిమాణం ఉన్న తప్పులు, రెండు రెట్ల తప్పులు. తీసివేతతో కొలిస్తే పెద్ద పోటీల్లోని తప్పులే కొండలా కనిపించి, చిన్న పోటీల్లో పదే పదే చేస్తున్న పొరపాటు కంటికి ఆనదు. అంచనా రాసిన తేదీ వేయండి, పోటీ వారం మొదలయ్యాక మార్చదలిస్తే పాతదాన్ని చెరిపేయకుండా కింద కొత్త వరుస చేర్చండి.

తొమ్మిదో అడుగు: 2026 తరువాత ఈ పద్ధతిని ఎక్కడ వాడాలి

2025 ఆగస్టులో పారామౌంట్‌తో ఏడేళ్లకు 770 కోట్ల డాలర్ల ఒప్పందం ప్రకటించడంతో, 2026 నుంచి అమెరికాలో యూఎఫ్‌సీ పోటీలకు విడిగా కొనే పద్ధతి ముగిసింది, అవి పారామౌంట్ ప్లస్ చందాలోనే వస్తాయి. కాబట్టి ఇకపై అక్కడ అంచనా వేయాల్సింది కొనుగోళ్లు కాదు, వీక్షణలు. ఆ రెంటినీ ఒకే పట్టికలో పెట్టకూడదు. డెబ్బై, ఎనభై డాలర్లు తీసి కట్టే నిర్ణయానికీ, అప్పటికే కట్టిన చందాలో ఒక మీట నొక్కే నిర్ణయానికీ పోలిక లేదు. అయితే రెండో గుంపు వస్తుందా రాదా అన్న ప్రశ్న అలాగే ఉంటుంది కనుక నాలుగో అడుగు పూర్తిగా పనికొస్తుంది, ధర గురించి చెప్పినది మాత్రం పక్కన పెట్టాలి. పే-పర్-వ్యూ ఇంకా బతికున్న బాక్సింగ్‌కు అన్ని అడుగులూ వర్తిస్తాయి, కానీ అడుగుమట్టాన్ని ఆ క్రీడ సొంత సంఖ్యలతో మొదటి నుంచి కట్టుకోవాలి.

కొత్తగా మొదలుపెట్టేవారు ముగిసిపోయిన కాలం మీదే చెయ్యి తిప్పుకోవడం మంచిది. 2006 నుంచి 2018 వరకు పోటీల జాబితాను తేదీల వరుసలో తయారు చేయించుకుని, కొనుగోళ్ల గడిని ఒక కాగితంతో కప్పండి. ఒక్కో వరుస దగ్గర ఆగి, దానికి పైనున్న వరుసలు మాత్రమే చూసి మీ మూడు సంఖ్యలను పెన్నుతో రాసి, ఆ తరువాతే కాగితాన్ని ఒక్క గడి కిందికి జరపండి. మొదటి ఇరవై పోటీలకు వచ్చే రెట్ల తప్పునూ, తరువాతి ఇరవైకి వచ్చేదాన్నీ వేరుగా రాసుకోండి.